పాత ట్రక్కుకు వింటర్ టైర్లు: మార్చుకోగల అంకెలు, మార్చకూడని అంకెలు

ఉత్తర అమెరికాలో పాత ఫోర్‌వీల్ ట్రక్కు నడిపేవాళ్లకు ఏటా అక్టోబరులో ఒక చిక్కు వస్తుంది. ఇంజను గట్టిగానే ఉంటుంది. గేర్లు బాగానే పడతాయి. కానీ ఆ బండి 15 అంగుళాల చక్రాలకు సరిపడే వింటర్ టైర్లు అడిగితే షాపువాళ్లు కంప్యూటర్‌లో వెతికి, తల అడ్డంగా ఊపుతారు. 1995 నుంచి 2004 దాకా అమ్ముడైన మొదటి తరం టయోటా టకోమా, అంతకుముందు వచ్చిన టయోటా పికప్పులు, ఫోర్‌రన్నర్లు, 2001తో ఆగిపోయిన జీప్ చెరోకీ, ఈ బండ్లున్న ప్రతివాళ్లకూ ఈ అనుభవం తప్పడం లేదు.

చలిదేశాలకు కొత్తగా వెళ్లిన మన తెలుగువాళ్లు కూడా ఇందులో ఉన్నారు. తక్కువ ధరకు వస్తోందని, ఫోర్‌వీల్ డ్రైవ్ కాబట్టి మంచులో భయం లేదని పాత ట్రక్కు కొంటారు. మొదటి స్నో పడే దాకా టైర్ల సంగతి ఎవరికీ గుర్తురాదు. అందుకే టైర్లు ఎందుకు దొరకవు, దొరకనప్పుడు ఏ కొలతలో సర్దుకోవచ్చు, ఏ కొలతలో సర్దుకుంటే ప్రాణం మీదకు వస్తుంది అనేవి ముందుగానే తెలుసుకోవడం మంచిది.

ఎందుకు దొరకవు?

ఒక్కో టైరు సైజుకు ఒక్కో అచ్చు కావాలి. అచ్చు ఖరీదైనది కాబట్టి అమ్మకం ఉన్న సైజుకే కంపెనీ దాన్ని నడుపుతుంది. గత ముప్పై ఏళ్లలో బ్రేకు డిస్కులు పెద్దవయ్యాయి, పెద్ద చక్రం అందమనే అభిరుచి పెరిగింది. ఇప్పటి పికప్పులు 16, 17, 18, కొన్నయితే 20 అంగుళాల చక్రాలతో వస్తున్నాయి. 15 అంగుళాల ట్రక్కు టైర్లు కొనేవాళ్లు ఏటా తగ్గుతున్నారు.

ఆల్‌సీజన్ టైరు ఏడాది పొడవునా, దేశమంతటా అమ్ముడుపోతుంది. వింటర్ టైరు కొన్ని నెలలే, కొన్ని ప్రాంతాల్లోనే అమ్ముడుపోతుంది. తగ్గిపోతున్న సైజులో ఈ సీజను సరుకు తయారుచేయడం కంపెనీకి లాభసాటి కాదు. పైగా వింటర్ టైర్లను చలికాలానికి చాలా ముందే ఒక లెక్క ప్రకారం తయారుచేసి గోదాములకు పంపేస్తారు. ఆ సరుకు అయిపోతే మళ్లీ వచ్చే ఏడాదే. నవంబరులో వెతకడం మొదలుపెట్టినవాళ్లకు షాపు ఖాళీగా కనిపించేది ఇందుకే.

ఫోర్‌వీల్ ఉంటే చాలదా?

చాలదు. ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి పనికొస్తుంది. ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకు పంచి, స్నోలో కూరుకోకుండా ముందుకు నెడుతుంది. ఆపడం మాత్రం బ్రేకుల పని. నాలుగు చక్రాలకూ బ్రేకులు మామూలు కారుకు కూడా ఉంటాయి. జారుడు రోడ్డు మీద బండి ఎంత దూరంలో ఆగుతుంది, మలుపులో నిలుస్తుందా పక్కకు జారుతుందా అన్నది టైరు పట్టును బట్టే ఉంటుంది. ఫోర్‌వీల్ బండి ఇంకో ప్రమాదం కూడా తెస్తుంది. సులువుగా వేగం అందుకుంటుంది కాబట్టి రోడ్డు ఎంత జారుతోందో డ్రైవరుకు తెలియదు. బ్రేకు తొక్కినప్పుడే తెలుస్తుంది.

మామూలు టైరు రబ్బరు చలికి గట్టిపడుతుంది. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె బిగుసుకున్నట్టే సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్లేకొద్దీ వేసవి టైరు మెత్తదనం కోల్పోతుంది. రోడ్డు గరుకులోకి ఒదగలేదు. వింటర్ టైరు రబ్బరు మిశ్రమాన్ని మైనస్ డిగ్రీల్లో కూడా మెత్తగా ఉండేలా తయారుచేస్తారు. టైరు పళ్ల మీద కత్తితో గీసినట్టు సన్నటి చీలికలు వందలకొద్దీ ఉంటాయి. వాటిని సైపులు అంటారు. బండి బరువు పడినప్పుడు అవి కొద్దిగా తెరుచుకుంటాయి. వాటి అంచులు స్నోను, ఐస్‌ను కొరికి పట్టుకుంటాయి.

ఈ విద్య కొత్తది కాదు. ఫిన్లండ్‌లో ఇప్పుడు నోకియన్ అని పిలిచే కంపెనీ 1934లోనే లారీల కోసం వింటర్ టైరు తయారుచేసింది. 1936లో కార్లకు హాక్కపెలీట్టా పేరుతో తెచ్చింది. జపాన్‌లో పళ్లలో లోహపు మేకులు దిగ్గొట్టిన టైర్లు రోడ్లను గీకి దుమ్ము లేపుతున్నాయని 1990లో వాటికి అడ్డుకట్ట వేస్తూ చట్టం చేశారు. అక్కడి బ్రిడ్జ్‌స్టోన్ 1988లోనే మేకులు లేని బ్లిజాక్ టైరును మార్కెట్లోకి దించింది. మెత్తటి రబ్బరు, సైపులు కలిస్తే మేకు లేకుండా కూడా ఐస్ మీద నిలవచ్చని అది చూపించింది.

టైరు పక్కన ఉన్న గుర్తులు

ట్రక్కు టైర్ల మీద ఎక్కువగా కనిపించే గుర్తు ఎం ప్లస్ ఎస్. బురద, స్నో అని దాని భావం. పళ్ల మధ్య ఖాళీ తగినంత ఉంటే ఈ గుర్తు వేసుకోవచ్చు. రబ్బరు చలికి ఎలా ఉంటుందో ఈ గుర్తు చెప్పదు. దీన్ని చూసి వింటర్ టైరు అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు.

చూడాల్సింది ఇంకో గుర్తు. మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని లోపల స్నో రేకు. 1999లో అమెరికా, కెనడా రబ్బరు పరిశ్రమ సంఘాలు దీన్ని తెచ్చాయి. తొక్కుడుకు గట్టిపడిన స్నో మీద పరీక్షించి, ప్రమాణంగా పెట్టుకున్న టైరు కంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపితేనే ఈ బొమ్మ దక్కుతుందని అప్పట్లో పెట్టుకున్న గీత. అయితే ఆ పరీక్ష కొలిచేది స్నో మీద బండిని ముందుకు లాగే పట్టునే. ఐస్ మీద బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుందో కొలవదు. కాబట్టి కొండబొమ్మ ఉన్న టైర్లన్నీ ఒక్కటి కావు. ఆ బొమ్మ లేని టైరును మాత్రం చలికాలానికి కొనవద్దు.

చట్టాలు కూడా దీన్నే చూస్తున్నాయి. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. అక్కడ కొండబొమ్మ గానీ, అనుమతించిన మేకులు గానీ ఉండాలి. ఎం ప్లస్ ఎస్ ఒక్కటే ఉంటే చెల్లదు. బ్రిటిష్ కొలంబియాలో అక్టోబరు 1 నుంచి చాలా హైవేలలో నియమం అమలవుతుంది. అక్కడ ఎం ప్లస్ ఎస్ కూడా చెల్లుతుంది, కానీ పళ్ల లోతు కనీసం 3.5 మిల్లీమీటర్లు ఉండాలి. చట్టం ఒప్పుకుంటుంది కదా అని ఎం ప్లస్ ఎస్‌తో సరిపెట్టుకోవద్దు.

సైజు చదవడం ఇలా

వెతుకులాటలో చేయాల్సిన మొదటి పని షాపుకు ఫోన్ చేయడం కాదు. డ్రైవరు తలుపు తెరిచి, తలుపు పక్క స్తంభం మీద ఉన్న స్టిక్కరు చదవడం. కంపెనీ ఇచ్చిన టైరు సైజు, గాలి ఎంత ఉండాలి, ముందు ఇరుసు ఎంత బరువు మోయవచ్చు, వెనక ఇరుసు ఎంత మోయవచ్చు అన్నీ దాని మీద ఉంటాయి. తర్వాత ఇప్పుడున్న టైరు పక్క మీద సైజు చూడండి. పాత ఓనరు సైజు మార్చేసి ఉంటే రెండూ కలవవు.

మొదటి తరం ఫోర్‌వీల్ టకోమాలో 225/75 ఆర్15 సైజు వచ్చేది. పెద్ద టైర్ల ప్యాకేజీ తీసుకున్నవాళ్లకు 31×10.50 ఆర్15 వచ్చేది. ఈ రెండో పద్ధతిలో అంకెలన్నీ అంగుళాలే. నిలువు 31, వెడల్పు 10.50, చక్రం 15. మొదటి పద్ధతిలో 225 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే పక్క గోడ ఎత్తు వెడల్పులో 75 శాతం. 15 అంటే చక్రం అంగుళాల్లో.

235/75 ఆర్15 తీసుకుని లెక్క వేద్దాం. 235లో 75 శాతం 176 మిల్లీమీటర్లు. పైన, కింద రెండు గోడలు కాబట్టి సుమారు 352. 15 అంగుళాల చక్రం 381 మిల్లీమీటర్లు. రెండూ కలిపితే 733 దాటుతుంది, అంటే దాదాపు 29 అంగుళాల టైరు. ఈ లెక్క ఒక్కటి చేతికి వస్తే ఏ సైజుకు ఏ సైజు దగ్గరో షాపువాడు చెప్పక్కర్లేదు.

సర్దుకోవడానికి మూడు దారులు

మొదటి దారి, అదే చక్రానికి సన్నటి టైరు. మీ బండికి 31×10.50 ఉంటే అదే సైజులో అసలైన వింటర్ టైరు దొరకడం చాలా కష్టం. 235/75 ఆర్15 దొరికే అవకాశం అంతకంటే ఎక్కువ, ఎందుకంటే ఒకప్పుడు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ లాంటి బండ్లు లక్షలకొద్దీ దాని మీదే తిరిగాయి. 7 అంగుళాల వెడల్పున్న చక్రానికి రెండూ ఎక్కుతాయి. చలికాలానికి సన్నటి టైరే మేలు. వెడల్పాటి టైరు లోతైన స్నో మీదకు ఎక్కి తేలుతుంది. సన్నటిది స్నోను కోసుకుంటూ కింది రోడ్డును అందుకుంటుంది. ఇందుకు కొంత మూల్యం ఉంది. బండి రెండు నుంచి రెండున్నర సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. స్పీడోమీటరు ఐదు నుంచి ఏడు శాతం ఎక్కువ చూపిస్తుంది, అంటే ముల్లు 100 దగ్గరుంటే అసలు వేగం 93, 95 మధ్య ఉంటుంది. చలికాలంలో ఈ తేడా ప్రమాదం తెచ్చేది కాదు.

రెండో దారి, చక్రాలే మార్చడం. 16 అంగుళాల లోకానికి వెళ్తే వింటర్ టైర్ల ఎంపిక ఒక్కసారిగా పెరుగుతుంది. 265/70 ఆర్16 లెక్క వేస్తే 777 మిల్లీమీటర్లు, 245/75 ఆర్16 వేస్తే 774. పేరుకు 31 అంగుళాలంటే 787. తేడా ఒకటిన్నర శాతం చుట్టూనే. ఫోర్‌వీల్ టకోమాకు, 1996 నుంచి 2002 దాకా వచ్చిన ఫోర్‌రన్నరుకు నట్ల అమరిక ఒక్కటే. ఆరు నట్లు, 139.7 మిల్లీమీటర్ల వృత్తం. ఆ ఫోర్‌రన్నర్లలో చాలావాటికి కంపెనీ నుంచే 16 అంగుళాల చక్రాలు ఉన్నాయి కాబట్టి పాత బండ్ల యార్డుల్లో నాలుగు చక్రాల సెట్టు దొరుకుతుంది.

చక్రం కొనేముందు నాలుగు సంగతులు చూడాలి. బ్రేకు క్యాలిపరుకు లోపల చోటుండాలి. చక్రం లోపలికి గానీ బయటికి గానీ మరీ జరగకూడదు. మధ్య రంధ్రం హబ్‌కు సరిపోవాలి. నాలుగోది చిన్నదే, కానీ చాలామంది మరిచిపోయేది: నట్లు. టయోటా అలాయ్ చక్రాల్లో చాలావాటి నట్లకు చదునైన అంచు, వాషరు ఉంటాయి. స్టీలు చక్రాల నట్లకు అంచు శంకువులా ఏటవాలుగా ఉంటుంది. ఒకదాని నట్లు ఇంకోదానికి బిగిస్తే చేతికి గట్టిగానే తగులుతాయి, రోడ్డు మీద వదులవుతాయి. చక్రం మార్చినప్పుడు దానికి తగ్గ నట్లే కొనండి.

వింటర్ టైర్లను విడిగా చక్రాలకు ఎక్కించి ఉంచుకుంటే ఇంకో లాభం ఉంది. ఏటా రెండుసార్లు టైర్లు ఊడదీసి ఎక్కించే ఖర్చు తప్పుతుంది. జాకీ ఉంటే ఇంటి ముందే మార్చుకోవచ్చు.

మూడో దారి, కొండబొమ్మ ఉన్న ఆల్‌టెరైన్ టైరు. బీఎఫ్ గుడ్రిచ్ కేఓ2, ఫాల్కెన్ వైల్డ్‌పీక్ ఏటీ3డబ్ల్యూ లాంటివి 31×10.50 ఆర్15లో కూడా ఆ గుర్తుతో వచ్చాయి. సైజు మార్చకుండా, చక్రం మార్చకుండా పని జరుగుతుంది. స్నో దట్టంగా పడే మట్టిరోడ్లకు ఇవి బాగా పనికొస్తాయి. కానీ ఎండాకాలం రాళ్లనూ తట్టుకోవాలి కాబట్టి వీటి రబ్బరు అసలైన వింటర్ టైరు అంత మెత్తగా ఉండదు. నగరంలో సిగ్నళ్ల దగ్గర, కార్లు ఆగి ఆగి నున్నగా చేసిన ఐస్ మీద వింటర్ టైరుకు ఇవి సాటిరావు. రోజూ ఊళ్లో ఆఫీసుకు వెళ్లివచ్చేవాళ్లు మొదటి రెండు దారులూ పూర్తిగా మూసుకుపోతేనే దీనికి రావాలి.

సర్దుకోకూడనివి

బరువు అంకె విషయంలో రాజీ లేదు. సైజు పక్కనే 102, 105, 109 అని ఒక అంకె ఉంటుంది. 102 అంటే ఒక టైరు 850 కిలోలు మోస్తుంది. 105 అంటే 925. 109 అంటే 1,030. అయితే కార్ల తరగతి టైరును ట్రక్కుకు వేస్తే ఆ బరువును 1.1తో భాగించాలన్నది అమెరికా లెక్క. అంటే 105 అంకె ఉన్న కార్ల తరగతి టైరు ట్రక్కు కింద 841 కిలోలకే లెక్క. రెండు టైర్లకు 1,682. ఆ మొత్తం తలుపు స్టిక్కరు మీద వెనక ఇరుసుకు రాసిన బరువు కంటే తక్కువైతే ఆ టైరు మీ బండికి పనికిరాదు. 109 అంకె ఉన్న ఎక్స్‌ట్రా లోడ్ టైరు గానీ, ఎల్‌టీ అని రాసిన ట్రక్కు టైరు గానీ వెతకండి.

ఈ జాగ్రత్త ఊరికే చెప్పేది కాదు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ల కింద ఎక్కువగా తిరిగిన 235/75 ఆర్15 సైజు అందులో ఉంది. పళ్ల పొర ఊడిపోయి బండ్లు బోల్తాపడి మనుషులు చనిపోయిన ఆ వ్యవహారంలో తయారీ లోపంతో పాటు గాలి తక్కువ, బరువు ఎక్కువ అన్న విషయాలు కూడా పెద్ద చర్చకు వచ్చాయి.

నాలుగు టైర్లూ ఒకేలా ఉండాలన్నది రెండో నియమం. వెనక రెండు వింటర్ టైర్లు, ముందు పాతవి వేస్తే ముందు చక్రాలు మలుపులో తిరగవు, నేరుగా పోతాయి. ముందు మాత్రమే వేస్తే బ్రేకు తొక్కగానే బండి వెనక భాగం తిరిగిపోతుంది. పాత ట్రక్కుల్లో చాలావాటికి ఫోర్‌వీల్ వేయగానే ముందు, వెనక ఇరుసులు ఒకే వేగానికి బిగుసుకుంటాయి. టైర్ల చుట్టుకొలత వేరైతే, రెండు ఇరుసులకూ బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పడుతుంది. స్టెప్నీ సైజు కూడా దగ్గరగా ఉండేలా చూసుకోవాలి.

వయసు మూడోది. టైరు పక్క మీద డాట్ అనే మాటతో మొదలయ్యే కోడు చివర నాలుగు అంకెలుంటాయి. 3423 అంటే 2023లో 34వ వారం తయారైంది. అరుదైన సైజుల్లో గోదాములో ఏళ్ల తరబడి పడి ఉన్న టైరును కొత్తదిగానే అమ్ముతారు. దాని రబ్బరు మెత్తదనం తగ్గి ఉంటుంది, వింటర్ టైరుకు ఉన్న విలువంతా ఆ మెత్తదనమే. సెకండ్‌హ్యాండ్ కొంటే పళ్ల లోతు కూడా కొలవండి. 1.6 మిల్లీమీటర్ల దాకా చాలాచోట్ల చట్టం ఒప్పుకుంటుంది గానీ, స్నోలో 5 మిల్లీమీటర్లకు తగ్గితే పట్టు బాగా పడిపోతుంది.

ఎక్కడ, ఎప్పుడు వెతకాలి?

షాపులో బండి పేరు, మోడల్ సంవత్సరం చెబితే కంప్యూటర్ ఒకటి రెండు సైజులే చూపి ఆగిపోతుంది. బండి పేరు చెప్పకండి, సైజు చెప్పండి. మీకు పనికొచ్చే రెండు మూడు సైజులు, కనీసం ఉండాల్సిన బరువు అంకె కాగితం మీద రాసుకెళ్లండి. షాపులో లేకపోతే పంపిణీదారుల గోదాముల్లో వెతికించమని అడగండి. పెద్ద నగరాల గొలుసు షాపుల కంటే పల్లెపట్టున రైతుల పికప్పులకు టైర్లు వేసే చిన్న షాపుల దగ్గర 15 అంగుళాల సరుకు దొరికే అవకాశం ఎక్కువ.

ఇదంతా ఆగస్టు, సెప్టెంబరుల్లో జరగాలి. మేకుల టైరు దొరికితే కొనేముందు మీ ప్రాంత చట్టం చూడండి. మిన్నెసోటాలో అక్కడి నివాసులకు మేకుల టైర్లు నిషేధం. ఒంటారియోలో ఉత్తర భాగంలో ఉండేవాళ్లకే అనుమతి. టొరంటోలో ఉండే మనవాళ్లకు ఆ దారి లేదు.

టైర్ల మీద డబ్బు పెట్టేముందు బండి కిందికి దూరి ఛాసిస్ కూడా చూడండి. రోడ్ల మీద చల్లే ఉప్పు పాత టకోమాల ఛాసిస్‌ను తినేసింది. 2008లో టయోటాయే 1995 నుంచి 2000 మోడళ్లకు ఛాసిస్ తుప్పు మీద 15 ఏళ్ల ప్రత్యేక హామీ ప్రకటించాల్సి వచ్చింది. సుత్తితో తడితే రేకులు రాలే ఛాసిస్‌కు కొత్త టైర్లు దండగ.

ఎక్కించాక గాలి మరవద్దు. ఉష్ణోగ్రత ఐదున్నర డిగ్రీలు తగ్గితే గాలి సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. 20 డిగ్రీల షాపులో నింపిన టైరు మైనస్ 15 డిగ్రీల రాత్రికి 6 పీఎస్ఐ కోల్పోతుంది. ఉదయం బండి కదలకముందు, చల్లగా ఉన్నప్పుడే కొలిచి నింపుకోండి.

కొత్తగా చలిదేశానికి వెళ్లి పాత ట్రక్కు కొంటున్న ప్రతి తెలుగు కుటుంబానికీ చెప్పేది ఒకటే. బండి బేరం ఆడేటప్పుడే నాలుగు వింటర్ టైర్ల ధర, అవసరమైతే చక్రాల ధర కలిపి లెక్క వేసుకోండి. వెడల్పు తగ్గించుకోండి, చక్రం మార్చుకోండి, ఊరు దాటి వెళ్లి తెచ్చుకోండి. బరువు అంకె, కొండబొమ్మ, నాలుగు టైర్ల సమానత్వం ఈ మూడింటిలో మాత్రం ఏ ఒక్కటీ వదులుకోవద్దు. ఈ మూడూ కుదరకపోతే ఆ చలికాలం ఆ ట్రక్కును ఇంటి దగ్గరే ఉంచి, బస్సులో వెళ్లండి.